మార్కరు ఏసుపాదం ఓడిన ఆట

కాకినాడ,
1896 సెప్టెంబరు 6

అక్కయ్య జ్ఞానమ్మకి తమ్ముడు ఏసుపాదం వందనాలు.

ఇక్కడ మేమంతా కులాసా. సూరమ్మకి దగ్గు తగ్గింది. పాపకి నడక వచ్చింది. గడప దాటి వీధిలోకి పరిగెత్తడమే ఇప్పుడు దాని పని. నాన్న పోలికే అని చూసినవాళ్ళంతా అంటున్నారు. నువ్వు చూస్తే ఏమంటావో.

ఒక సంగతి చెప్పాలని ఈ ఉత్తరం. వచ్చే నవంబరులో మీ రాజమహేంద్రవరంలో బిలియర్డ్సు పోటీలు పెడుతున్నారు. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు, నర్సాపురం క్లబ్బుల దొరలంతా అక్కడికి చేరతారు. మా వైపు ఇలాంటిది ఎవరూ ఎరగరు. దొరల ఆటలన్నీ అయ్యాక ఆఖరి సాయంత్రం మార్కర్ల ఆట. మార్కరంటే నా పనే అక్కా. బల్లని చూసుకోవడం, ఆట జరుగుతుంటే లెక్క పైకి చెప్పడం, తోడు దొరకని దొరకి తోడుగా ఆడడం. మా క్లబ్బు తరపున నన్ను పంపుతున్నారు. సెక్రటరీ దొరగారు నా భుజం తట్టి, "ఏసుపాదం, నువ్వు ఓడితే నేనా ఊళ్ళో తలెత్తుకోలేను" అన్నారు.

ఈ వానలకి బల్ల మీది పచ్చగుడ్డ చెమ్మ పట్టి, బంతులు బురదలో ఎడ్లలాగా ఈడ్చుకుంటూ నడుస్తున్నాయి. రోజూ పొద్దున్నే ఇస్త్రీపెట్టెలో నిప్పులు పోసి గుడ్డంతా ఇస్త్రీ చేస్తున్నాను. "పెళ్ళాం చీర ఒక్కనాడైనా ఇస్త్రీ చేసిన పాపాన పోలేదు గానీ బల్లకి మాత్రం సేవలు" అని సూరమ్మ నవ్వుతుంది.

నాన్నని మట్టి చేసిన రోజున చూసుకోవడమే మనం. ఆ రోజు నువ్వు నాతో మాట్లాడలేదు. ఆ సంగతి ఎత్తను. పోటీలకి వచ్చినప్పుడు మీ ఇంటికి రావాలని ఉంది. రానా?

ఇంకో చిన్న మాట. మా క్లబ్బు వంటవాడు ఒకడు నాకు స్నేహితుడు. దీపం కేసి చూస్తే చుట్టూ ఇంద్రధనస్సులాగా రంగుల గుండ్రాలు కనిపిస్తున్నాయట. ఒక్కోసారి కళ్ళ ముందు పొగ కమ్మినట్టుంటోందట. మీ మిషన్ డాక్టరమ్మగారు మగవాళ్ళని కూడా చూస్తారా? కనుక్కుని రాయి. వాడు పాపం భయపడుతున్నాడు.

నీ ప్రార్థనల్లో మమ్మల్ని తలుచుకో.

నీ తమ్ముడు
ఏసుపాదం

*

రాజమహేంద్రవరం,
1896 సెప్టెంబరు 15

ప్రియమైన తమ్ముడు ఏసుపాదాన్ని ప్రభువు చల్లగా చూచునుగాక.

నీ ఉత్తరం అందింది. పాప నడుస్తోందని చదివి సంతోషించాను. దాని పేరైనా రాయలేదు నువ్వు. బల్ల గురించి మాత్రం పేజీ నిండా రాశావు.

ఆ రోజు నేనెందుకు మాట్లాడలేదో నీకు తెలియదా? నాన్న ద్రాక్షారామం చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పారు. నిన్ను ఉపదేశిని చేయాలని చదువుకి పంపితే, నువ్వు అక్కణ్ణించి దొరల క్లబ్బుకి పారిపోయావు. చివరి వారంలో మంచం మీంచి "బాబు వచ్చాడా" అని అడుగుతూనే ఉన్నారు. "వస్తాడు నాన్నా" అని నేను చెబుతూనే ఉన్నాను. నువ్వొచ్చేసరికి పెట్టె మూసేశారు.

సరే. ఇంటికి రావాలనుంటే రా. నువ్వు నా తమ్ముడివి. కానీ ఒక్క మాట విను. మీ క్లబ్బు నౌకర్ల ఎర్ర నడికట్టూ ఇత్తడి బిళ్ళా పెట్టుకుని రాకు. నేనుండేది మిషన్ కాంపౌండులో. మా బడి పెద్ద టీచరుగారు వెళ్ళిపోతున్నారు. ఆ చోటుకి నా పేరు అనుకుంటున్నారని మిషన్ దొరసానిగారు చూచాయగా చెప్పారు. తాగుడూ పందేలూ నడిచే చోట పనిచేసేవాడు నా తమ్ముడని ఇప్పుడే అందరికీ తెలియనక్కర్లేదు. మామూలు పంచె, చొక్కాతో రా.

నీ స్నేహితుడి కళ్ళ సంగతి. మా డాక్టరమ్మగారు ఆడవాళ్ళనీ పిల్లలనీ తప్ప చూడరు. అయినా సాయంత్రమయ్యేసరికి దొరలు వదిలిన సీసాలు ఖాళీ చేసేవాళ్ళకి దీపాల చుట్టూ రంగులు కాక ఏం కనిపిస్తాయి? తాగుడు మానమను. చల్లనీళ్ళతో కళ్ళు కడుక్కోమను.

సూరమ్మకి మిరియాల కషాయం మానొద్దని చెప్పు.

నీ మేలు కోరే అక్క
జ్ఞానమ్మ

*

కాకినాడ,
1896 అక్టోబరు 11

అక్కయ్యకి వందనాలు.

ఉత్తరం చదువుకున్నాను. పాప పేరు రాహేలు. అమ్మ పేరే పెట్టాం. పుట్టినప్పుడే నీకు రాశాను. ఆ ఉత్తరం అందలేదేమో, అంది నువ్వు చూడలేదేమో.

నాకు బిళ్ళ లేని చొక్కా ఉంది. కానీ రాజమహేంద్రవరంలో ఉన్నన్నాళ్ళూ దొరగారి నౌకర్లతో కలిసి గుడారంలో ఉండాలి. నీ ఇంటికి రాను. నీ పనికి నా వల్ల మాట రాకూడదు. ఇది కోపంతో రాయడం లేదు.

పోటీల మాట చెబుతాను, వినాలనుంటే విను. నాకు ఎదురు నిలిచేవాడు మీ ఊరి మార్కరు చిట్టియ్య. కిందటేడు వాళ్ళ దొరతో ఇక్కడికొచ్చినప్పుడు చూశాను. సన్నగా కొబ్బరీనెలాగా ఉంటాడు. కర్ర పట్టుకున్నాడంటే పక్కన పిడుగు పడినా చెయ్యి వణకదు. ఏలూరువాడూ నర్సాపురంవాడూ మాకు సరితూగరు. ఆట మా ఇద్దరి మధ్యే.

ఆడేది మూడే మూడు దంతపు బంతులతో. తెల్లవి రెండు, ఎర్రది ఒకటి. నా తెల్లబంతితో మిగతా రెంటినీ తాకాలి, లేదా బంతిని బల్ల అంచున వేలాడే సంచుల్లో పడెయ్యాలి. అంతే. ఇందులో సైతానేమీ లేడు అక్కా. నాన్నకి ఒకసారి చూపించాలని ఉండేది.

నాకు చదువు పట్టుబడలేదు. ఎంత కూర్చున్నా వాక్యం నా నోట పలికేది కాదు. కర్ర చేతికి తీసుకున్న మొదటి రోజునే చెయ్యి తనంతట తాను కదిలింది. అది నాన్నకి చెప్పే ధైర్యం లేక పారిపోయాను.

మార్కర్ల ఆట నవంబరు పద్నాలుగున, శనివారం, దీపాలు పెట్టే వేళకి. పక్క వరండాలో నౌకర్ల తాలూకు మనుషులు నిలబడి చూడొచ్చు. నిన్ను రమ్మనడం లేదు. ఉన్న మాట రాశాను.

ఏసుపాదం

*

రాజమహేంద్రవరం,
1896 అక్టోబరు 30

తమ్ముడికి,

నేను ఒకటి రాస్తే నువ్వు ఇంకొకటి చదివావు. ఇంటికి రావద్దని ఎక్కడ అన్నాను? రమ్మనే కదా రాశాను. బిళ్ళ మాట ఒక్కటీ పట్టుకుని మిగతాది వదిలేశావు.

పాప పేరు రాసిన ఉత్తరం నాకు అందలేదు. అందలేదన్న మాట నమ్ము. రాహేలు అని కాగితం మీద చూసి కాసేపు పాఠం చెప్పలేకపోయాను.

ఆ శనివారం పిల్లలకి పరీక్షలు. ఇన్‌స్పెక్టరుగారు ఉంటారు. నాకు కుదిరేది కాదు. అయినా దైవచిత్తం ఎలా ఉందో చూద్దాం. బాగా ఆడు. నీకోసం ప్రార్థన చేయడానికి నాకు నోరు రావడం లేదు. ఆటలో గెలవాలని ఎలా ప్రార్థించాలో మాకు నేర్పలేదు. దెబ్బలేమీ తగలకుండా తిరిగి వెళ్ళాలని మాత్రం అడుగుతున్నాను.

అక్క

*

రాజమహేంద్రవరం,
1896 నవంబరు 19

ఏసుపాదానికి,

ఈ ఉత్తరం రాయకూడదనుకుని మూడుసార్లు చింపేశాను.

నేను వచ్చాను. ఆ సంగతి నీకు తెలుసు. ఇన్‌స్పెక్టరుగారు తొందరగా వెళ్ళిపోయారు. కొబ్బరుండలు చేసి గుడ్డలో కట్టుకుని, తెల్లచీర కట్టుకుని, నలుగురూ చూస్తారేమోనన్న భయం కూడా విడిచి ఆ క్లబ్బు వరండాలోకి వచ్చి నిలబడ్డాను. బంట్రోతులూ వంటవాళ్ళూ నిండా ఉన్నారు. అందరిలోకీ ఆడదాన్ని నేనొక్కదాన్నే.

లోపల అన్ని దీపాల కింద నిన్ను చూశాను. చిక్కిపోయావు. బల్ల మీద వంగినప్పుడు అచ్చం నాన్న బైబిలు మీద వంగినట్టే ఉన్నావు. నాకు ఏడుపొచ్చింది. నువ్వు వంతు ముగించి ఇటు తిరిగావు. నేను చెయ్యి ఎత్తాను. నువ్వు నా మొహంలోకి చూశావు. నీ పక్కనున్న ముసలి దొర "ఎవరామె? నీ మనిషా?" అని అడిగాడు. అరకొర తెలుగులోనే అడిగాడు, నాకు వినపడింది. నువ్వు మళ్ళీ నా కేసి చూసి, "తెలియదండి" అన్నావు.

పక్కనున్న బంట్రోతు "దారి తప్పొచ్చారేంటమ్మా" అని నవ్వాడు. కొబ్బరుండలు అక్కడే మెట్టు మీద పెట్టేసి వచ్చేశాను.

నా ఉత్తరంలో బిళ్ళ మాట రాసినందుకు ఇలా బదులు తీర్చుకున్నావా?

అంతటితో అయిపోతే బాగుండేది. మర్నాడు ఆరాధన అయ్యాక గుడి గుమ్మంలోనే అందరూ అదే మాట. కాకినాడ మార్కరు గెలవబోయే ఆటని కావాలని వదిలేశాడట. ఎర్రబంతి సంచి ముందే ఉందట. పసిపిల్ల కొట్టినా పడేదట. చిట్టియ్య తాలూకు వాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని ఆట అమ్ముకున్నాడట. ఆ మార్కరు ఎవరో తెలుసా అని దొరసానిగారు నన్నే అడిగారు. నేనూ "తెలియదండి" అన్నాను. నీ దగ్గరే నేర్చుకున్నాను.

నాన్న ముందే పోయినందుకు మొదటిసారి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

జ్ఞానమ్మ

*

కాకినాడ,
1896 డిసెంబరు 8

అక్కకి,

నువ్వు వచ్చావని నాకు తెలియదు. ఇది నిజం. ఇంతకన్నా ఏమీ రాయలేను.

నన్ను పనిలోంచి తీసేశారు. దొరగారు తిరుగు బండిలో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. సామర్లకోటలో బండి మారేటప్పుడు మాత్రం "అమ్ముకున్నావా?" అని అడిగారు. నేను నోరెత్తలేదు. మళ్ళీ అడిగారు. తల వంచుకున్నాను. అంతే.

ఓడరేవులో బస్తాలు లెక్కపెట్టే పని దొరికింది. సూరమ్మ కులాసా. పాప కులాసా.

కొబ్బరుండలు ఎవరో తినే ఉంటారు. నాకు దక్కలేదు.

ఏసుపాదం

*

రాజమహేంద్రవరం,
1897 జనవరి 4

ఏసుపాదానికి,

తెలియదన్నావు. అదే మాట ఆ దొరతోనూ అన్నావు. నీ కళ్ళు నా మొహం మీద ఉండగా అన్నావు. తప్పు చేసినవాడు తప్పని ఒప్పుకుంటే క్షమించడం నాకు తెలుసు. కళ్ళెదుటి మనిషిని చూడలేదనేవాణ్ణి ఏం చేయాలో తెలియదు.

దొర అడిగితే తల వంచుకున్నానని నువ్వే రాశావు. ఇక ఆ సంగతిలో నేను అడగాల్సింది ఏముంది?

పెద్ద టీచరు పని నాకే ఇచ్చారు. ఆ రోజు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి నాకున్నది నువ్వొక్కడివే. అందుకే చెబుతున్నాను.

నువ్వా దొర దగ్గరికి వెళ్ళి, తీసుకున్నది ఎవరి దగ్గరో చెప్పి, క్షమాపణ అడిగాక నాకు రాయి. అంతవరకూ వద్దు. పాపకి ఒక గౌను కుట్టి పంపుతున్నాను. దాని కొలత తెలియదు. ఊహించి కుట్టాను.

జ్ఞానమ్మ

*

కాకినాడ,
1897 ఏప్రిల్ 25

అక్కయ్య జ్ఞానమ్మకి ఏసుపాదం వందనాలు.

ఈ చేతిరాత నాది కాదు. మా గుడి ఉపదేశిగారు నా పక్కన కూర్చుని రాస్తున్నారు. నేను చెబుతున్నాను. సూరమ్మ గుమ్మంలో కాపలా కూర్చుంది, నేను మధ్యలో లేచి పోకుండా.

నీకు చెప్పకూడదనే అనుకున్నాను. పొద్దున సూరమ్మ చాట కింద పడేసి, "ఏమయ్యా, మీ అక్కకి నువ్వు చెప్తావా, నన్ను పొగబండెక్కి వెళ్ళి చెప్పమంటావా? నీకు మూగనోముంది, నాకు లేదు" అంది. అందుకని చెబుతున్నాను.

నాకు చూపు లేదు అక్కా. ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికంటికి వెలుగూ చీకటీ తెలుస్తాయి, ఎదురుగా మనిషి కదిలితే నీడ తెలుస్తుంది. నీటికాసులు అన్నాడు ఇక్కడి ఆసుపత్రి డాక్టరు. ఇక తిరిగి రాదన్నాడు.

క్లబ్బులో వంటవాడెవడూ నాకు స్నేహితుడు లేడు. ఆ రంగుల గుండ్రాలు నావే. నేను తాగను. ఎప్పుడూ తాగలేదు. నీతో నేరుగా చెబితే, ఆ మాట మీ కాంపౌండులోంచి దొరసానులకీ, దొరసానుల నుంచి దొరలకీ పాకుతుందని భయపడ్డాను. చూపు మందగించిన మార్కరుకి కర్ర ఎవరిస్తారు? అందుకని ఇంకొకడి మీద పెట్టి రాశాను.

మందు వేసుకుంటూ ఎలాగో నవంబరు దాకా నెట్టుకొచ్చాను. అప్పటికే పక్కల నుంచి చూపు మూసుకుపోయింది. గొట్టంలోంచి చూసినట్టుండేది. అయినా ఆ బల్ల చుట్టూ ఇన్నేళ్ళు తిరిగినవాణ్ణి, బంతి చప్పుడుని బట్టి ఎక్కడాగిందో చెప్పగలను. ఆఖరి దాకా చిట్టియ్యకి సమంగానే లాక్కొచ్చాను. ఒక్క దెబ్బ కొడితే గెలుపు. ఎర్రబంతి నిజంగా సంచి ముందే ఉంది. అందరూ చెప్పింది నిజమే. కానీ దీపం వెలుగు కంట్లో పడి రంగులన్నీ కమ్మేశాయి. ఆ రంగుల్లో ఎరుపు ఏదో, బంతి ఏదో తెలియలేదు. ఉండాల్సిన చోటు మనసులో అనుకుని కొట్టాను. తగల్లేదు. గదిలో ఎవరూ ఊపిరి తీసిన చప్పుడు కూడా లేదు. అప్పుడర్థమైంది అది ఎంత తేలిక దెబ్బో.

నువ్వు వరండాలో నిలబడ్డావన్నావు. బయట చీకటి పడుతోంది. నేను చూసిన చోట నాకు ఏదో తెల్లగా మాత్రం తోచింది. గోడేమో అనుకున్నాను. దొర "ఎవరామె" అంటే ఎవరో ఆడమనిషి ఉందని తెలిసింది. తెలియదన్నాను. మాటైనా పలకరించలేకపోయావా అక్కా? నీ గొంతు నాకు తెలియదా?

అమ్ముకున్నావా అని దొర అడిగినప్పుడు ఎందుకు కాదనలేదని ఉపదేశిగారు కూడా ఇప్పుడే అడిగారు. కాదంటే మరి ఎందుకు తప్పావని అడుగుతారు. కళ్ళు కనిపించడం లేదని చెప్పాలి. అమ్ముకున్నాడని తీసేస్తే, మాట మరుగున పడ్డాక ఇంకో ఊళ్ళో ఇంకో క్లబ్బు పెట్టుకుంటుంది. చూపు లేదని తీసేస్తే ఎవరు పెట్టుకుంటారు? అప్పటికి కళ్ళు బాగవుతాయనే అనుకున్నాను.

ఈ సంగతి నీ దగ్గరే ఉంచు. ఎవరికీ చెప్పకు. అది ఒక్కటే అడుగుతున్నాను.

గౌను పాపకి పెద్దదైంది. ఏడాదికి సరిపోతుందిలే అంటోంది సూరమ్మ.

నీ తమ్ముడు
ఏసుపాదం

*

రాజమహేంద్రవరం,
1897 మే 3

నా తండ్రీ, నా ఏసూ,

నీ ఉత్తరం బడి మెట్ల మీద నిలబడి విప్పాను. పిల్లలు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు.

డాక్టరమ్మగారి దగ్గరికి పరిగెత్తాను. అంతా చెప్పాను. ఆవిడ తలపట్టుకుని, "ముందే తీసుకొచ్చి ఉంటే, మిగిలిన చూపునైనా నిలబెట్టే దారి చూసేదాన్నేమో. నాతో ఎవరూ అనలేదే?" అన్నారు. "మీరు మగవాళ్ళని చూడరు కదండి" అన్నాను. "ఎవరన్నారు? శనివారాలు చూస్తూనే ఉన్నాను కదా జ్ఞానమ్మా" అన్నారు.

నేను అడగలేదు ఏసూ. నువ్వు కనుక్కుని రాయమన్నావు. నేను గది దాటి వెళ్ళి అడగలేదు. నాకు తోచింది రాసి పంపేశాను. క్లబ్బువాడు కదా, ఇంకేముంటుందిలే అనుకున్నాను.

ఆ వరండాలో నిన్ను పిలిచి ఉండాల్సింది. నాకు సిగ్గేసింది. నా నోటి నుంచి నీ పేరు అంతమంది క్లబ్బు నౌకర్ల మధ్య బయటికి రావడానికి సిగ్గేసింది. చెయ్యి మాత్రం ఎత్తాను. అంతవరకే నా ధైర్యం.

కానీ నీ పేరు మీద పడ్డ మచ్చని నేను ఉండనివ్వను. చెప్పొద్దన్నావు, తెలుసు. నీకు కోపం వచ్చినా సరే. ఈ రోజే మీ సెక్రటరీ దొరగారికి ఇంగ్లీషులో పెద్ద ఉత్తరం రాశాను. నా తమ్ముడు ఆట అమ్ముకోలేదు, చూపు పోయింది, అందుకే తప్పాడు అని. కింద మిషన్ బడి పెద్ద టీచరు అని నా పేరు రాసి, ఏసుపాదం అక్కనని కూడా రాశాను. దొరసానిగారికి చదివి వినిపించాకే తపాలాలో వేశాను. ఇక నా తమ్ముణ్ణి దొంగ అని ఎవరూ అనరు.

నువ్వూ సూరమ్మా పాపా ఇక్కడికి వచ్చేయండి. నాకు రెండు గదులిచ్చారు.

నీ అక్క

*

కాకినాడ,
1897 మే 20

అక్కయ్యకి వందనాలు.

ఉపదేశిగారే రాస్తున్నారు. కొన్ని మాటలు రాయడానికి ఆయన మొహమాటపడుతున్నారు. రాయమని బతిమాలుతున్నాను.

నీ ఉత్తరం దొరగారికి చేరింది. ఆయన జట్కాలో మా పేటకి స్వయంగా వచ్చారు. వీధంతా బయటికొచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని, "ఏసుపాదం, నాకు చెప్పాలి కదా" అన్నారు. మంచివాడే. తర్వాత నా మొహం ముందు చెయ్యి అటూ ఇటూ ఆడించారు. నీడ కదిలింది కాబట్టి తెలిసింది. ఆ చెయ్యి ఆడించడం నేను మరిచిపోలేను.

క్లబ్బులో పంకా లాగే పని ఇచ్చారు. బల్లగదిలోనే. ఒప్పుకున్నాను. సూరమ్మ బియ్యం చెరిగి ఎంతని తెస్తుంది?

అక్కా, నువ్వు నా మేలు కోరే చేశావు. కానీ నేను చెప్పొద్దన్నది ఎందుకో నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. ఆట అమ్ముకున్నాడన్నారు కదా. అమ్ముకోవాలంటే ముందు అది మన చేతిలో ఉండాలి. "ఏసుపాదం తలుచుకుంటే గెలిచేవాడే, దొంగ వెధవ" అని ఓడరేవులో బస్తాలు మోసేవాళ్ళు కూడా నన్ను తిట్టేవారు. ఆ తిట్టు వినబుద్ధేసేది. ఇప్పుడెవరూ తిట్టరు. నేను వెళుతుంటే "పాపం, జరగండి" అంటారు. నిన్న నర్సాపురం మార్కరు వచ్చి, నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. వాడు నా ముందు ఎన్నడూ ఒక్క ఆట నిలవలేదు.

రాజమహేంద్రవరం రాను. ఇక్కడ బంతుల చప్పుడైనా ఉంది.

కోపం లేదు. బాధగా ఉంది, అంతే.

ఏసుపాదం

*

రాజమహేంద్రవరం,
1897 జూన్ 2

ఏసూ,

నిన్ను ఉపదేశిని చేయాలని నాన్న అనుకున్నారు. నువ్వు మంచివాడివని అనిపించాలని నేననుకున్నాను. నీకేం కావాలో మా ఇద్దరిలో ఎవరం అడగలేదు. రాసి పంపిన మాటని వెనక్కి తెచ్చుకునే దారి లేదు. తెచ్చుకోగలిగితే కాకినాడ దాకా పొగబండి వెనకే పరిగెత్తేదాన్ని.

ఇక నీ తరపున నేనేమీ చేయను. అడిగి చేస్తాను. ఇప్పుడు ఒకటి అడుగుతున్నాను. నేను వచ్చి నిన్ను చూడొచ్చా? బిళ్ళ పెట్టుకునే ఉండు. వద్దంటే రాను.

జ్ఞానమ్మ

*

కాకినాడ,
1897 జూన్ 20

అక్కయ్య జ్ఞానమ్మకి తమ్ముడు ఏసుపాదం ప్రేమతో చెప్పి రాయించినది.

రా. నన్నడుగుతావేంటి? సూరమ్మ అప్పుడే ఇల్లు అలికేసింది. ఈసారి గౌను కుట్టకు, కొలత తీసుకుని ఇక్కడే కుడుదువు గాని. ఉప్పాడ వైపు సముద్రం మళ్ళీ ఒడ్డు కోసేసిందట, అక్కడి జాలరుల ఇళ్ళు కొన్ని పోయాయి. వాళ్ళలో మన సంఘం వాళ్ళు ఇద్దరు ముగ్గురు మా పేటలో తలదాచుకున్నారు. నువ్వొస్తే వాళ్ళ పిల్లలకి నాలుగక్షరాలు చెప్పొచ్చు.

కిందటి వారం ఒకటి జరిగింది. ఇది నీకే చెప్పాలి.

మధ్యాహ్నం దొరలు లేని వేళ. నేను పంకా తాడు కాలికి తగిలించుకుని, బల్ల గుడ్డకి చెమ్మ పట్టకుండా ఊపుతూ గోడవార కూర్చున్నాను. ఎవరో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి పక్కన కూలబడ్డారు. ఊపిరి తీసే తీరు బట్టి సన్నటి మనిషి అనుకున్నాను.

"నేనండి, చిట్టియ్యని" అన్నాడు.

రాజమహేంద్రవరం నుంచి ఒక్కడే వచ్చాడు. నా చేతిలో ఏదో చల్లగా పెట్టాడు. తడిమి చూశాను. వెండి గిన్నె. మీద చెక్కిన అక్షరాలు వేళ్ళకి తగిలాయి. ఆ పోటీలో గెలిచినందుకు వాళ్ళ దొరలిచ్చినది.

"ఇది నాకెందుకు?" అన్నాను.

"ఇంట్లో పెట్టుకోలేకపోతున్నానండి" అన్నాడు. "గెలిచిన మర్నాటి నుంచీ, అమ్ముడుపోయిన ఆట గెలిచావన్నారు. ఏమీ ఇవ్వలేదు మొర్రో అన్నా నమ్మినవాడు లేడు. మా ఆవిడ కూడా ఎవరిచ్చారని అడిగింది. ఇప్పుడు మీ అక్కగారి ఉత్తరం సంగతి తెలిశాక, గుడ్డివాడి మీద గెలిచావంటున్నారు. మొత్తం మీద నేను గెలిచానన్నవాడు ఒక్కడూ లేడండి."

అక్కా, ఇన్నాళ్ళూ నేను పోగొట్టుకున్నదే చూసుకున్నాను. నోరు మూసుకుని నేనొకసారి అతని గెలుపు తీసుకున్నాను. మాట చెప్పి మనిద్దరం కలిసి రెండోసారి తీసుకున్నాం. అతను ఎవరికీ ఏ కీడూ చేయలేదు. బాగా ఆడాడు, అంతే.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి" అన్నాడు. "మీ కళ్ళు బాగుండి ఉంటే ఆ రోజు ఎవరు గెలిచేవారు?"

పంకా ఆగిపోయింది. నేను కాలు ఆపేసిన సంగతి నాకే తెలియలేదు. ఆ రోజు బల్ల మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. ఇప్పుడు నాకది బాగా కనిపిస్తుంది, బంతి బంతీ, ఎర్రది కూడా.

"నువ్వే" అన్నాను.

పంచెతో మొహం తుడుచుకున్న చప్పుడైంది. గిన్నె అతని చేతిలో పెట్టి వేళ్ళు మూశాను. తీసుకున్నాడు. లేచి నిలబడి, "వస్తానండి" అన్నాడు. మెట్లు దిగేటప్పుడు అడుగుల చప్పుడు వచ్చినప్పటిలా లేదు.

నువ్వు వచ్చాక ఏమైనా మాట్లాడుకుందాం. నాన్న గురించి చెప్పు, ఆ చివరి వారం గురించి చెప్పు, వింటాను. నన్ను తిట్టాలనుంటే తిట్టు. కానీ చిట్టియ్యకి నేను చెప్పినది నిజమేనా అని మాత్రం అడగకు.

నీ తమ్ముడు
ఏసుపాదం